కఠినజలం - మంచినీరు

నగరం శివార్లలో కొత్తగా వెలిసిన కాలనీలో ఒక ఇంటిని తీసుకొందాం. ఆ ఇంటిలో రెండు కుళాయిలు ఉన్నవి. ఒకదానిలో, ఎక్కడో దూరాన ఉన్న జలాశయం నుండి గొట్టాల ద్వారా పంపే నీరు రోజు విడిచి రోజు వస్తుంది. రెండవదానిలో పెరటిలోని బోరుబావి నీరు ఎప్పుడు తిప్పితే అప్పుడు వస్తుంది. మొదటి నీటిలో కందిపప్పు తొందరగా ఉడుకుతుంది. సబ్బు చేతికి తగలగానే నురుగు వస్తుంది. రెండవ నీటిలో పప్పు ఎంతసేపు ఉడికించినా పలుకు పోదు. సబ్బు అరగుతుందే గాని నురుగు రాదు. బకెట్టు అంచున తెల్లని చారలు, వేడినీళ్ళ పాత్రకు లోపలివైపు గార. ఆ ఇంటి ఇల్లాలు మొదటివాటిని మంచినీళ్ళనీ, రెండవవాటిని ఉప్పునీళ్ళనీ అంటుంది.

ఆమె గమనించినదంతా నిజమే. పప్పు, సబ్బు, గార, ఈ మూడూ ఒకే గుణానికి సాక్ష్యాలు. ఆ గుణాన్నే రసాయనశాస్త్రంలో కాఠిన్యం అంటారు. అయితే కాఠిన్యం లేని నీరే మంచినీరు, కాఠిన్యం ఉన్నది చెడ్డనీరు అనే నిర్ణయానికి రావచ్చునా? ఈ ప్రశ్నకు సమాధానం రాబట్టడానికి శాస్త్రజ్ఞులకు చాలకాలం పట్టినది. ఆ సమాధానం కోసం వేలమంది ప్రాణాలు మూల్యంగా చెల్లించవలసి వచ్చినది. ఆ చరిత్రను క్రమంగా పరిశీలిద్దాం.

కాఠిన్యం అంటే ఏమిటి?

ఆకాశం నుండి పడే వాననీటిలో లవణాలు దాదాపు ఉండవు. ఆ నీరు నేలలోకి ఇంకేటప్పుడు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కొంత కరగించుకొని స్వల్పంగా పులుపెక్కుతుంది. అటువంటి నీరు సున్నపురాతి మీదుగా గాని, సుద్దకొండల గుండా గాని పోయినప్పుడు ఆ రాతిని కొద్దికొద్దిగా కరగిస్తుంది. కరగిన కాల్షియం, మెగ్నీషియం లవణాలే నీటికి కాఠిన్యాన్ని కలిగిస్తాయి.

సబ్బు అనేది కొవ్వు ఆమ్లాల సోడియం లవణం. అది నీటిలో కరుగుతుంది. కాని నీటిలో కాల్షియం ఉంటే, సబ్బులోని కొవ్వు ఆమ్లం సోడియాన్ని విడిచి కాల్షియాన్ని పట్టుకొంటుంది. అట్లా ఏర్పడిన కాల్షియం సబ్బు నీటిలో కరగదు. అదే బట్టలకు, బకెట్టుకు అంటుకొనే జిడ్డు తెట్టు. నీటిలోని కాల్షియం అంతా ఈ విధంగా తీరిపోయిన తరువాతనే మిగిలిన సబ్బు నురుగు ఇస్తుంది.

నష్టం ఎంతో విద్యార్థులు లెక్క కట్టి చూడవచ్చు. 100 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేటుకు సమానమైన కాఠిన్యం సుమారు 600 మిల్లీగ్రాముల సబ్బును మింగివేస్తుంది. లీటరుకు 300 మిల్లీగ్రాముల కాఠిన్యం గల నీటిని 20 లీటర్ల బకెట్టు నిండా తీసుకొంటే అందులోని కాఠిన్యం మొత్తం 6 గ్రాములు. అంటే ఆ బకెట్టులో నిలకడగా నురుగు కనబడేలోగా ఇంచుమించు 36 గ్రాముల సబ్బు వృథా అవుతుంది.

మన పెద్దలు తలంటుకు వాడే కుంకుడుకాయకు ఈ బాధ లేదు. అందులో నురుగునిచ్చే పదార్థం సబ్బు జాతికి చెందినది కాదు. కాల్షియంతో కలిసి తెట్టుకట్టదు. అందుచేతనే ఉప్పునీళ్ళ బావుల ఊళ్ళలో కూడా కుంకుడు రసం చక్కగా నురగలు కక్కుతుంది. నేటి బట్టల పొడులు కూడా కఠినజలంలో పనిచేసేటట్లు తయారు చేసినవే.

కాఠిన్యంలో రెండు రకాలు ఉన్నవి. కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్ల రూపంలో ఉంటే నీటిని కాచగానే బొగ్గుపులుసు వాయువు వెళ్ళిపోయి, కార్బొనేటు తెల్లగా అడుగుకు దిగుతుంది. దీనిని తాత్కాలిక కాఠిన్యం అంటారు. పాత్రలోని గార ఇదే. అవే లోహాలు సల్ఫేట్లు, క్లోరైడ్ల రూపంలో ఉంటే ఎంత కాచినా పోవు. అది శాశ్వత కాఠిన్యం.

కావెండిష్ పరిశోధన

ఈ విషయం మొదట తేటపడినది లండను నగరపు నీటిని పరిశీలించడం వలననే. 1750 దశకంలో జోసెఫ్ బ్లాక్ అనే స్కాట్లండు శాస్త్రజ్ఞుడు సున్నపురాతిలో ఒక వాయువు బంధింపబడి ఉన్నదని నిరూపించాడు. దానినే మనం ఇప్పుడు బొగ్గుపులుసు వాయువు అంటున్నాం. హెన్రీ కావెండిష్ 1767లో లండనులోని రాత్‌బోన్ ప్లేస్ అనే చోటి పంపు నీటిని పరీక్షించి ఫలితాలను రాయల్ సొసైటీ వారి పత్రికలో ప్రకటించాడు. నీటిలో కరగని సున్నపుమన్ను ఆ నీటిలో ఎట్లా కరిగి ఉన్నది అన్నది అతని ప్రశ్న. ఆ వాయువు అధికంగా ఉండడమే అందుకు కారణమని అతడు కనుగొన్నాడు. నీటిని కాచి వాయువును తరిమివేస్తే సున్నపుమన్ను అడుగుకు దిగినది. కాచకుండా ఆ నీటిలో సున్నపు తేట పోసినా అదే జరిగినది.

రెండవ ప్రయోగం వింతగా తోచవచ్చు. సున్నం ఎక్కువైన నీటికి ఇంకా సున్నం చేర్చితే ఉన్న సున్నం కూడా పోవడమేమిటి? చేర్చిన సున్నం నీటిలోని అధిక వాయువును పట్టుకొని కార్బొనేటుగా మారుతుంది. ఆ వాయువు ఆధారంగా కరిగి ఉన్న సున్నపుమన్ను ఆధారం పోయి కార్బొనేటుగానే విడిపోతుంది. రెండూ కలిసి అడుగుకు చేరుతాయి. సున్నం ఎంత చేర్చాలో లెక్క తప్పకుండా చూచుకోవడమే ఇందులో ముఖ్యం.

క్లార్కు కొలమానం

లెక్క తప్పకూడదంటే ముందు కొలత ఉండాలి. ఆ కొలతను ఇచ్చినవాడు థామస్ క్లార్కు. అతడు 1833 నుండి అబర్డీనులోని మారిషల్ కళాశాలలో రసాయనశాస్త్ర ఆచార్యుడు. సున్నంతో నీటిని మెత్తబరచే పద్ధతికి అతడు 1841లో పేటెంటు పొందాడు. కావెండిష్ గాజుపాత్రలో చేసిన పనిని ఊరికి సరిపోయేటంత నీటికి వర్తింపజేయడమే అతని ఉద్దేశం.

క్లార్కు కొలత చాకలివాని అనుభవం నుండి పుట్టినదే అనవచ్చు. నిర్ణీతమైన బలం గల సబ్బు ద్రావణాన్ని తయారు చేసుకోవాలి. కొలిచిన నీటిని ఒక సీసాలో పోసి, ద్రావణాన్ని కొంచెం కొంచెంగా చేర్చుతూ గట్టిగా కుదపాలి. నురుగు అయిదు నిమిషాలపాటు చెదరకుండా నిలిచినప్పుడు ఎంత ద్రావణం పట్టినదో చూచుకోవాలి. దానిని బట్టి కాఠిన్యం తెలుస్తుంది. ఒక గాలను నీటిలో ఒక గ్రెయిను కాల్షియం కార్బొనేటుకు సమానమైన కాఠిన్యం ఉంటే దానిని ఒక డిగ్రీ అన్నారు. ఇప్పటి లెక్కలో అది లీటరుకు సుమారు 14.3 మిల్లీగ్రాములు. అంతవరకు మెత్తనినీరు, గట్టినీరు అని నోటిమాటగా చెప్పుకొనే గుణానికి ఒక అంకె లభించినది.

లండను చుట్టూ, ముఖ్యంగా దక్షిణాన, సుద్దనేలలు ఉన్నవి. అక్కడ తవ్విన బావుల నీరు తేటగా ఉంటుంది, కాని బాగా కఠినమైనది. ఆగ్నేయ శివారులోని ప్లమ్‌స్టెడ్, వులిచ్ ప్రాంతాలలో 1854లో క్లార్కు పద్ధతిని మొదటిసారిగా ఇళ్ళకు అందించే నీటిపై పెద్ద ఎత్తున ప్రయోగించినారు. సుద్దబావి నీటిని తొట్లలో నింపి, సున్నపునీరు కలిపి, తెల్లని మడ్డి దిగిన తరువాత పైతేటను గొట్టాలలోకి వదిలేవారు. 1861లో ఆ కంపెనీని పొరుగునున్న మరొక పెద్ద కంపెనీ తనలో కలుపుకొన్నది. దానితో అక్కడ మెత్తబరచడం ఆగిపోయినది. కాని పద్ధతి నిలిచినది. పోగయ్యే మడ్డిని ఎక్కడ వేయాలన్న చిక్కు ఉన్నప్పటికీ, సున్నంతో మెత్తబరచడం నేటికీ అనేక నగరాలలో అమలులో ఉన్నది.

ఒకే నది, రెండు కంపెనీలు

అది సబ్బు లెక్కలు ముమ్మరంగా వేసిన కాలం. లండనుకు మెత్తని నీరు తేవాలని, సబ్బు, తేయాకు ఆదా అవుతాయని ప్రభుత్వ ఆరోగ్యమండలి 1850లో గట్టిగా వాదించినది. వాదన తప్పు కాదు. కాని నీటి మంచిచెడ్డలకు సబ్బే గీటురాయి అన్న భావం దానివలన కొంత బలపడినది. ప్లమ్‌స్టెడ్‌లో సున్నపు తొట్లు పని మొదలుపెట్టిన ఆ 1854 సంవత్సరంలోనే లండనులో కలరా ప్రబలినది.

దక్షిణ లండనులోని అనేక వీధులలో రెండు కంపెనీల గొట్టాలు పక్కపక్కనే పోయేవి. ఒకే వరుసలో ఒక ఇంటికి ఒక కంపెనీ నీరు, పక్క ఇంటికి మరొక కంపెనీ నీరు. రెండూ థేమ్స్ నది నీళ్ళే. రెండూ సుద్దనేలల మీదుగా వచ్చిన కఠినజలాలే. అయితే లాంబెత్ కంపెనీ 1852లో తన పంపులను నదికి ఎగువకు, నగరపు మురుగు కలవని చోటికి మార్చుకొన్నది. సౌత్‌వర్క్ అండ్ వాక్స్‌హాల్ కంపెనీ మాత్రం నగరపు మురుగు చేరే బాటర్సీ వద్దనే నీరు తోడుతూ వచ్చినది.

జాన్ స్నో అనే వైద్యుడు ఇంటింటికీ తిరిగి, కలరాతో మరణించినవారి ఇళ్ళకు ఏ కంపెనీ నీరు వస్తున్నదో విచారించాడు. చాలామందికి తమ కంపెనీ పేరే తెలియదు. అప్పుడు రసాయనశాస్త్రం అతనికి తోడ్పడినది. బాటర్సీ వద్ద సముద్రపు పోటు తగులుతుంది గనుక ఆ నీటిలో మామూలు ఉప్పు ఎక్కువ. ఎగువ నీటికంటె సుమారు నలభై రెట్లు ఉన్నది. సిల్వర్ నైట్రేటు చుక్కలు వేయగానే ఒక నీటిలో తెల్లని మడ్డి దట్టంగా దిగేది. రెండవదానిలో చాల పలుచగా కనబడేది. ఈ గుర్తుతో స్నో ఇళ్ళను విడదీశాడు. 10,000 ఇళ్ళకు మరణాలు లాంబెత్ నీరు వాడిన ఇళ్ళలో 37. రెండవ కంపెనీ నీరు వాడిన ఇళ్ళలో 315.

ఇక్కడ ఒక విషయాన్ని జాగ్రత్తగా గమనించాలి. జనాన్ని చంపినది ఉప్పు కాదు. కాఠిన్యమూ కాదు. ఉప్పు కేవలం నీరు ఎక్కడినుండి వచ్చినదో చెప్పే ఆనవాలు. చంపినది మురుగు వెంట వచ్చిన మరొక వస్తువు. ఆ వస్తువును చూపించగల పరీక్ష ఏదీ స్నో చేతిలో లేదు. ఆ సంవత్సరమే ఇటలీలో పచీని అనే శాస్త్రజ్ఞుడు సూక్ష్మదర్శినిలో కలరా క్రిమిని చూచి ప్రకటించాడు గాని, ఎవరూ పట్టించుకోలేదు. 1884లో రాబర్టు కోఖ్ పరిశోధనల తరువాతనే లోకానికి నమ్మకం కుదిరినది.

రుచి కూడా సరియైన సాక్షి కాదని అదే సంవత్సరం రుజువైనది. లండను నడిబొడ్డున బ్రాడ్ వీధిలోని పంపు నీరు రుచికి పేరుపొందినది. ఆ వీధి నుండి దూరాన హాంప్‌స్టెడ్‌కు కాపురం మార్చుకొన్న ఒక వితంతువు, ఆ రుచి మరవలేక రోజూ బండిమీద ఒక సీసా నీరు తెప్పించుకొనేది. హాంప్‌స్టెడ్‌లో కలరా లేదు. అయినా ఆమె ఆ నీరు త్రాగి సెప్టెంబరు 2న కలరాతో మరణించినది. ఆ పంపు చుట్టుప్రక్కల పది రోజులలో అయిదు వందలమందికి పైగా వ్యాధికి బలి అయినారు. పంపు పిడిని సెప్టెంబరు 8న ఊడదీసినారు.

మెత్తని నీటి ప్రమాదం

కఠినజలం హాని చేయలేదని తేలినంత మాత్రాన మెత్తని నీరు ఎప్పుడూ మేలే చేస్తుందని కూడా అనుకోరాదు. దీనికి గ్లాస్గో నగరం దృష్టాంతం. ఆ నగరంవారు కొండలలోని కాట్రిన్ సరస్సు నుండి 50 కిలోమీటర్లకు పైగా కాలువలు, సొరంగాలు, గొట్టాలు వేసి నీరు తెచ్చుకొన్నారు. 1859లో విక్టోరియా రాణి ఆ పథకానికి ప్రారంభోత్సవం చేసినది. సరస్సు చుట్టూ గట్టిరాళ్ళే గాని సున్నపురాయి లేదు. అందుచేత ఆ నీరు వాననీటితో పోల్చదగినంత మెత్తనిది. ఇళ్ళలో సబ్బు ఖర్చు తగ్గినది. మురికి బావులు మూతబడినవి. నగర ఆరోగ్యానికి అది గొప్ప మేలు.

కాని ఆ ఇళ్ళలోని గొట్టాలు, తొట్లు సీసంతో చేసినవి. కఠినజలమైతే సీసపు గొట్టం లోపల కార్బొనేటు పొర ఏర్పడి కొంత రక్షణ కలుగుతుంది. కొంచెం పులుపు గల మెత్తని నీరు అటువంటి పొరను కట్టకపోగా సీసాన్నే కరగించుకొంటుంది. కరగిన సీసానికి రంగు లేదు, వాసన లేదు. పిల్లల మెదడుకు అది విషం. ఒక శతాబ్దం గడచిన తరువాత, 1978లో, ఆ నీటి పులుపు తగ్గించడానికి సున్నం కలపడం మొదలుపెట్టినారు. 1989లో ఫాస్ఫేటును కూడా చేర్చినారు. నీటిలోని సున్నాన్ని తీయడానికి ప్లమ్‌స్టెడ్‌లో సున్నం వాడితే, సున్నమే లేని నీటికి గ్లాస్గోలో సున్నం చేర్చవలసి వచ్చినది.

మన ప్రాంతపు అనుభవం

గ్లాస్గో సంగతి మనకు దూరమైనదిగా తోచవచ్చు. కాని కంటికి, నోటికి పట్టుబడని దోషం నీటిలో ఉండగలదన్న సత్యాన్ని తెలుగుదేశం ఇంకా కఠినంగా నేర్చుకొన్నది. అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో కొన్ని గ్రామాలవారికి పళ్ళు గోధుమరంగు గారలు పట్టి, వయస్సు వచ్చేసరికి నడుము, మెడ కొయ్యబారిపోయేవి. షార్టు మొదలైన వైద్యులు ఆ రోగులను పరీక్షించి, దీనికి కారణం బావినీటిలోని ఫ్లోరైడు అని 1937లో ప్రకటించినారు. తరువాత నల్లగొండ జిల్లా కూడా ఈ వ్యాధికి పేరు పడినది. 1970 దశకంలో నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని రూపొందించినారు. దానికి నల్లగొండ పద్ధతి అనే పేరు వచ్చినది.

కాఠిన్యానికీ ఫ్లోరైడుకూ ఉన్న సంబంధం గమనింపదగినది. కాల్షియం ఫ్లోరైడు నీటిలో చాల స్వల్పంగా కరుగుతుంది. కాబట్టి కాల్షియం నిండుగా ఉన్న నీటిలో ఫ్లోరైడు ఒక హద్దు మించి నిలవడం కష్టం. నల్లరాతి పగుళ్ళలో చిరకాలం నిలిచి, కాల్షియాన్ని పోగొట్టుకొని, దానికి బదులు సోడియం బైకార్బొనేటును సంపాదించుకొన్న నీటిలో ఫ్లోరైడు పెరగడానికి వీలు ఎక్కువ. అటువంటి నీరు సబ్బుకు అనుకూలంగానే ఉండవచ్చు. కఠినజలంలో ఫ్లోరైడు ఉండదని దీని అర్థం కాదు; మెత్తని నీరు గనుక భయం లేదని అనుకోరాదని మాత్రమే.

ఇప్పుడు మొదట చెప్పిన శివారు ఇంటికి తిరిగి వద్దాం. ఆ ఇల్లు హైదరాబాదు అంచున ఉన్నదనుకొందాం. 1908లో మూసీ వరద తరువాత ఆ నగరానికి ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను ఏర్పడినవి. తరువాత మంజీర, కృష్ణ, గోదావరి నీళ్ళు వచ్చినవి. జలాశయపు నీరు చాలవరకు నేలపై పారివచ్చిన వాననీరు. రాతితో దానికి సహవాసం తక్కువ; కాఠిన్యమూ తక్కువ. బోరునీరు వందల అడుగుల లోతున రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచినది. ఆ రాతిలో సుద్ద లేకపోయినా, రాతిలోని ఖనిజాలు శిథిలమైనప్పుడు కాల్షియం, మెగ్నీషియం విడుదల అవుతాయి. ఎండలకు నీరు ఆవిరై లవణాలు చిక్కబడతాయి. నగరపు గొట్టాలు ఇంకా పూర్తిగా చేరని శివార్లలో ఇంటికొక మరుగుదొడ్డి గుంట, ఇంటికొక బోరు ఉంటే, గుంటలోని నైట్రేటు, క్లోరైడు కూడా నేలనీటిలో చేరుతాయి.

మన దేశపు ప్రమాణాల ప్రకారం త్రాగేనీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపల ఉండడం మంచిది. వేరే నీరు దొరకనిచోట 600 వరకు ఒప్పుకోవచ్చును. ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపల ఉండాలి. గత్యంతరం లేనప్పుడు 1.5 వరకు. నైట్రేటుకు హద్దు 45; దానికి సడలింపు లేదు. రోగకారకమైన మలసంబంధ క్రిములు అసలే ఉండరాదు. ఈ అంకెలను పోల్చి చూడండి. కాఠిన్యానికి మూడు రెట్ల సడలింపు ఎందుకు ఇచ్చినారు? అది సబ్బుకు, పప్పుకు, పాత్రలకు చేసినంత చెరుపు మనిషికి చేయదు గనుక. కాఠిన్యానికి ఆరోగ్యరీత్యా హద్దు విధించనవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అభిప్రాయం. కఠినజలం త్రాగే ప్రాంతాలలో గుండె, రక్తనాళాల జబ్బుల మరణాలు కొంత తక్కువని 1957లో జపానులోను, 1960లో అమెరికాలోను వెలువడిన పరిశీలనలు సూచించినవి. ఆ వాదం ఇంకా తేలలేదు.

ఈ మధ్య చాల ఇళ్ళలో కలం వంటి చిన్న మీటరును గ్లాసులో ముంచి, వచ్చిన అంకెను చూచి నీటిని నిర్ణయిస్తున్నారు. అది నీటిలో విద్యుత్తు ఎంత సులభంగా పారుతున్నదో కొలిచి, కరగిన లవణాల మొత్తాన్ని అంచనా కడుతుంది. ఆ మొత్తంలో కాల్షియం ఎంతో, ఫ్లోరైడు ఎంతో, నైట్రేటు ఎంతో అది చెప్పదు. క్రిములను గురించి అసలే చెప్పదు. రెండు మిల్లీగ్రాముల ఫ్లోరైడు అంకెను ఇంచుమించు కదల్చదు. పళ్ళను, ఎముకలను మాత్రం కదలిస్తుంది. అట్లాగే, ఉప్పు వేసి నడిపే మెత్తబరచే యంత్రం కాల్షియాన్ని తీసుకొని సోడియాన్ని ఇస్తుందే గాని, ఫ్లోరైడును, నైట్రేటును తీయదు. ఇంటికి యంత్రం కొనడానికి ముందు నీటిలో ఏ దోషం ఉన్నదో తెలిసికోవడం అవసరం.

తరగతిలో చేయదగిన పరీక్ష

క్లార్కు పరీక్ష నేటికీ ఉన్నత పాఠశాలలో తేలికగా చేయవచ్చును. బట్టల పొడి కాక, నిజమైన సబ్బును తురిమి, బాటరీలకు పోసే స్వేదనజలంలో కరగించి వడకట్టాలి. ఒక్కొక్క విద్యార్థి తన ఇంటి కుళాయినీరు, బోరునీరు వేరువేరు సీసాలలో తేవాలి. 50 మిల్లీలీటర్ల నీటికి సబ్బునీరు చుక్కలుగా చేర్చి, కుదిపి, నురుగు నిలవడానికి ఎన్ని చుక్కలు పట్టినవో వ్రాసుకోవాలి. అదే నీటిని అరగంట కాచి, చల్లార్చి, వడకట్టి, కాచడంలో తగ్గినంత మేరకు స్వేదనజలం పోసి మొదటి కొలతకు తెచ్చి, మళ్ళీ పరీక్షించాలి. రెండు లెక్కల తేడా తాత్కాలిక కాఠిన్యాన్ని తెలుపుతుంది. స్వేదనజలంతో కూడా ఒకసారి చేసి, ఆ చుక్కలను అన్నింటిలోనుండి తీసివేయాలి. ఊరి పటం మీద ఏ వీధిలో ఎంత కాఠిన్యమో గుర్తిస్తే నేలకూ నీటికీ గల సంబంధం పిల్లలకు కళ్ళకు కట్టినట్లు కనబడుతుంది.

పరీక్ష ముగిసిన తరువాత ఉపాధ్యాయులు ఒక ప్రశ్న వేయాలి. “అన్నిటికంటె తక్కువ చుక్కలు పట్టిన నీరు త్రాగడానికి అన్నిటికంటె మంచిదేనా?” చాలమంది పిల్లలు అవుననే అంటారు. అప్పుడు స్నో లెక్కలను నల్లబల్లమీద వ్రాయాలి: ఒకే నది నీరు, ఒక చోట 37, మరొక చోట 315. పిదప ఆ నీళ్ళలో కొన్నింటిని ఫ్లోరైడు, నైట్రేటు, క్రిముల పరీక్షల కోసం ప్రయోగశాలకు పంపే ఏర్పాటు చేయాలి. ఫలితాలు వచ్చిన రోజున వాటిని సబ్బు చుక్కల లెక్క పక్కనే వ్రాయించాలి. రెండు వరుసలు ఎక్కడ కలిసినవో, ఎక్కడ విడిపోయినవో పిల్లలే కనుగొంటారు. ఏ కుళాయినీరు పప్పుకు మంచిదో, ఏది తమ్ముడికి త్రాగడానికి ఇవ్వదగినదో ఆ సాయంకాలం వారే ఇంటిలో చెప్పగలరు.